జనవరిలో ఢిల్లీలో 11 గంటల ఖాళీ: ఆనంద్ విహార్‌లో దిగి రాత్రి నిజాముద్దీన్‌లో ఎక్కాలి, మధ్యలో ఏం చేయాలి?

హన్మకొండ_నుంచి
అందరికీ నమస్తే. జనవరి రెండో వారం. హరిద్వార్ నుంచి వచ్చే బండి మధ్యాహ్నం 12కి ఆనంద్ విహార్‌లో దింపుతది. రాత్రి 11 ప్రాంతంలో హజ్రత్ నిజాముద్దీన్ నుంచి దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, కాజీపేట దాకా, స్లీపర్. అమ్మకు 64, నాన్నకు 69, బాబుకు 9 ఏండ్లు, మేమిద్దరం. ఢిల్లీ ఎవ్వరికీ తెల్వదు. రెండు సూట్‌కేసులు, ఒక బ్యాగు, గంగాజలం క్యాన్లు రెండు. నాన్నకు మోకాళ్ల నొప్పి. హోటల్ తీసుకోవాల్నా, తిరగొచ్చా? నేషనల్ మ్యూజియం, అక్షర్‌ధామ్ అనుకుంటున్నం.

పట్టాలెక్కిన_పంతులు
ముందు సామాన్ల సంగతి తేల్చుకోండి, తర్వాత తిరుగుడు. దిగిన స్టేషన్లో కాదు, ఎక్కబోయే స్టేషన్లో పెట్టాలి. ఆనంద్ విహార్‌లో పెడితే రాత్రి దాని కోసం యమున దాటి వెళ్లి మళ్లీ నిజాముద్దీన్ రావాలి. బండి తప్పిపోయేది అక్కడే.

ఆనంద్ విహార్ నుంచి మెట్రో పింక్ లైన్ ఎక్కితే మారే పని లేకుండా ‘సరాయ్ కాలే ఖాన్–నిజాముద్దీన్’లో దిగుతారు. మధ్యాహ్నం రద్దీ ఉండదు కాబట్టి సూట్‌కేసులతో ఇబ్బంది లేదు. గేటు దగ్గర సామాను ఎక్స్‌రేలో పెట్టాలి, తర్వాత ఎస్కలేటర్ జోలికి పోకుండా లిఫ్ట్ వెతుక్కోండి. మెట్రో దిగేది రైల్వే స్టేషన్‌కు తూర్పు వైపు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం పడమటి వైపు. పట్టాలు దాటే వంతెన ఎక్కాల్సి వస్తుంది, నాన్నగారి మోకాళ్ల దృష్ట్యా అక్కడ కూలీని మాట్లాడుకోవడం మంచిది. రేటు బరువు ఎత్తకముందే తేల్చుకోండి.

క్లోక్‌రూమ్‌లో టికెట్, గుర్తింపు కార్డు అడుగుతారు. ప్రతి బ్యాగుకూ తాళం ఉండాలి. తాళం లేని గోనె సంచి, జిప్ ఊడిన బ్యాగు తీసుకోరు. నాలుగు చిన్న తాళాలు హరిద్వార్‌లోనే కొనుక్కోండి. రసీదు ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. తినే వస్తువులు లోపల వదలొద్దు, ఎలుకలు సంచులు కొరుకుతాయి.

గంగాజలం క్యాన్‌కు తాళం వేయలేరు కాబట్టి విడిగా తీసుకోరు. మూత చుట్టూ ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి బిగించి, పైన టేపు నాలుగు చుట్లు వేసి, మరో కవర్లో నిలువుగా కట్టి సూట్‌కేసులో దించండి. ఆ తెల్ల క్యాన్ల మూత మర పలుచగా ఉంటుంది, పడుకోబెడితే గంటలో బట్టలు తడుస్తాయి. జనవరిలో తడిసిన స్వెట్టర్ రెండు రోజులైనా ఆరదు.

ద్వారక_సెక్టార్10
పంతులు గారు చెప్పింది అక్షరాలా నిజం. నా వైపు నుంచి ఒకే ప్రశ్న. మీరు వచ్చేది వారంలో ఏ రోజు?

హన్మకొండ_నుంచి
సోమవారం అన్నా.

ద్వారక_సెక్టార్10
అయితే మీ జాబితా మొత్తం మారాలి తమ్ముడూ. సోమవారం నేషనల్ మ్యూజియం సెలవు, అక్షర్‌ధామ్ సెలవు, ఎర్రకోట సెలవు, లోటస్ టెంపుల్ సెలవు. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ఆటో దిగాక గేటు మీద బోర్డు చూస్తారు. హుమాయూన్ సమాధి, కుతుబ్ మినార్, లోదీ గార్డెన్, బంగ్లా సాహిబ్ గురుద్వారా సోమవారం కూడా ఉంటాయి.

ఇంకో మాట. ఢిల్లీ చలిలో రోజును ఎండను బట్టి కోసుకోవాలి. జనవరి మధ్యలో పగటి ఉష్ణోగ్రత మామూలుగా 19, 20 డిగ్రీలు, తెల్లవారుజామున 7. సూర్యుడు 5:45 ప్రాంతంలో దిగిపోతాడు. మధ్యాహ్నం 1 నుంచి 4:30 వరకు ఉండే ఎండే మీకు దొరికే వెచ్చదనం. ఆ మూడున్నర గంటలూ ఆరుబయట గడపండి, సూర్యుడు దిగాక జనం నిండిన గదిలోకి వెళ్లండి. చాలామంది తిరగేసి చేస్తారు. మధ్యాహ్నం హోటల్ గదిలో నడుం వాల్చి, సాయంత్రం 6కి ఇండియా గేట్ చూడ్డానికి బయల్దేరతారు. ఇక్కడి మామూలు గదుల్లో హీటర్ ఉండదు, నేల మొజాయిక్, గోడలు రాత్రి చలిని పట్టుకుని మధ్యాహ్నం దాకా వదలవు. బయట ఎండ కాస్తుంటే గదిలో కాళ్లు కొంకర్లు పోతుంటాయి.

మునిర్కా_అక్క
హుమాయూన్ సమాధే మీకు సరి. నిజాముద్దీన్ స్టేషన్ ఒకటో నంబరు వైపు నుంచి బయటికొస్తే ఆటోలో దగ్గరే. భారతీయులకు టికెట్ 40 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకు లేదు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు తెరిచి ఉంటుంది.

లోపలికి పోగానే కుడి చేతికి ఈసా ఖాన్ సమాధి వస్తుంది, ఎనిమిది మూలల కట్టడం, 1547 నాటిది. ముందు దాన్ని చూసేయండి. అది చుట్టూ గోడల మధ్య పల్లంలో ఉంటుంది, నీడ త్వరగా పడుతుంది. తర్వాత పడమటి ద్వారం గుండా పెద్ద సమాధికి వెళ్తారు. మధ్యాహ్నం తర్వాత ఎండ పడేది ఈ పడమటి ముఖం మీదే. ఎర్ర రాయి, మధ్యలో తెల్ల పాలరాతి పట్టీలు. 3 గంటలప్పుడు ఆ ఎర్ర రాతికి వీపు ఆనించి కూర్చుంటే పొయ్యి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. తెల్ల పాలరాయి మీద మాత్రం కూర్చోనివ్వకండి, అది ఎండలోనూ చల్లగానే ఉంటుంది.

మీ నాన్నగారి విషయం. కింది నుంచి పై అరుగు మీదికి మెట్లు నిటారుగా, ఒక్కోటి ఎత్తుగా ఉంటాయి. ఎక్కడం కంటే దిగడం కష్టం. ఆయన, అమ్మ పడమటి పచ్చికలో కూర్చుంటే చాలు, కట్టడం అందం అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. బాబును పైకి తీసుకెళ్లండి. 1857లో చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ ఈ సమాధిలోనే తలదాచుకుని ఇంగ్లీషు వాళ్లకు దొరికిపోయాడని చెబితే 9 ఏళ్ల పిల్లాడికి ఆ చోటు గుర్తుండిపోతుంది.

పల్మో_తెనాలి
పెద్దవాళ్ల గురించి నాలుగు మాటలు.

చలికాలంలో సూర్యుడు దిగాక నేల దగ్గర గాలి చల్లబడి కదలకుండా నిలిచిపోతుంది. వాహనాల పొగ, ధూళి అన్నీ ఆ పొరలోనే ఇరుక్కుంటాయి. అందుకే సాయంత్రం 6 తర్వాత కళ్లు మండుతాయి. ఫోన్లో గాలి నాణ్యత సూచీ చూసుకోండి. 200 లోపైతే మామూలుగా తిరగండి. 300 దాటితే ‘చాలా పేలవం’, నడక తగ్గించండి. 400 దాటితే ‘తీవ్రం’, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆరుబయట ఉండొద్దు. మాస్కు ఎన్‌95 అయితేనే సన్న ధూళి ఆగుతుంది. గుడ్డ మాస్కు, మఫ్లర్ చలిని ఆపుతాయి తప్ప దీన్ని ఆపవు. మాస్కు ముక్కు దగ్గరి రేకు నొక్కకపోతే పైనుంచి గాలి పోయి కళ్లద్దాలు మసకబారతాయి. అద్దాలు మసకబారాయంటే మాస్కు సరిగ్గా లేదనే లెక్క.

చలిలో దాహం వేయదు, మరుగుదొడ్డి దొరకదని కూడా నీళ్లు మానేస్తారు. బీపీ మాత్ర, అందులోనూ మూత్రం ఎక్కువ పోయే మాత్ర వేసుకునేవాళ్లు అలా చేస్తే లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. అరలీటరు ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకుని గంటకోసారి నాలుగు గుక్కలు తాగించండి. ఇన్‌హేలర్, సాయంత్రం మాత్రలు క్లోక్‌రూమ్ బ్యాగులో కాదు, చేతి సంచిలో ఉండాలి.

మునిర్కా_అక్క
డాక్టర్ గారూ, బట్టల సంగతి కూడా రాద్దురూ.

పల్మో_తెనాలి
మనవాళ్లు చేసేది, హరిద్వార్‌లో తెల్లవారుజామున వేసుకున్న ఐదు పొరలూ ఢిల్లీ మధ్యాహ్నం దాకా విప్పకపోవడం. ఎండలో సామాను మోస్తూ నడిస్తే లోపలి బనియన్ చెమటకు తడుస్తుంది. సాయంత్రం ఆ తడి బనియనే వణికిస్తుంది, పైన ఎంత మందం వేసినా లాభం లేదు. కాబట్టి బండి దిగేముందే జాకెట్, ఒక స్వెట్టర్ విప్పి సంచిలో పెట్టండి. సమాధి దగ్గర 4:30 అవుతుందనగా, చలి తెలియకముందే మళ్లీ తొడగండి. సామాను పెట్టాక స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో లోపలి బనియన్ మార్చుకుంటే ఇంకా మేలు.

చెవులు, పాదాలు ముఖ్యం. మందపాటి కోటు వేసి కాళ్లకు చెప్పులతో తిరిగే పెద్దవాళ్లు మనలో ఎక్కువ. బూట్లు వద్దంటే కనీసం రెండు జతల మేజోళ్లు, ముందు భాగం మూసి ఉన్న చెప్పులు వేయించండి.

కాకినాడ_కాజా
తిండి గురించి ఎవరూ ఎత్తలేదు! వారం రోజులు హరిద్వార్ రొట్టెలు తిన్న పెద్దవాళ్లకు పప్పన్నం కావాలనిపిస్తుంది. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది, బయటివాళ్లకూ పెడతారు. మధ్యాహ్నం 3 వరకు భోజనం. పప్పు, కూర, సాంబారు, రసం, పెరుగు, పొడి, నెయ్యి, ఎంత కావాలంటే అంత వడ్డిస్తారు. మాంసం వేపుళ్లు విడిగా చెప్పుకోవాలి. దిగగానే నేరుగా అక్కడికే వెళ్లండి.

పట్టాలెక్కిన_పంతులు
సామాన్లతో వద్దండి. అక్కడ బల్లల మధ్య సందు సన్నం, వెనక జనం నిలబడి ఖాళీ కోసం చూస్తుంటారు. రెండు సూట్‌కేసులు ఎక్కడ పెడతారు? పైగా పొగమంచు కాలంలో 12కి రావాల్సిన బండి 1:30కి వచ్చినా ఆశ్చర్యం లేదు. నిజాముద్దీన్‌లో సామాను పెట్టి మళ్లీ అశోకా రోడ్డుకు చేరేసరికి భోజనం అయిపోతుంది, ఎండా పోతుంది.

కాకినాడ_కాజా
ఒప్పుకుంటున్నా. అయితే రాత్రి భోజనానికి పెట్టుకోండి, 7:30కి మొదలవుతుంది. మొదటి పంక్తిలోనే కూర్చోవాలి. 8 దాటితే నిలబడాలి, పెద్దవాళ్లకు అది కష్టం. మధ్యాహ్నానికి బండిలో పులిహోర లాంటిది ఏదైనా తినేసి, సమాధి నుంచి వచ్చేటప్పుడు బయట చిలగడదుంప బండి కనిపిస్తే ఆపండి. మీ వైపు గెనుసుగడ్డ అంటారనుకుంటా. బొగ్గుల మీద కాల్చి, తొక్క తీసి ముక్కలు కోసి, నిమ్మరసం, మసాలా, పుల్లటి నక్షత్రపు పండు ముక్కలు కలిపి ఆకు దొప్పలో ఇస్తారు. ఇక్కడ శకర్‌కందీ అని అడగాలి. నల్లగా మాడిన తొక్కతో బొగ్గుల మీదున్నదే తీయమనండి, పక్కన ఒలిచి పెట్టింది చల్లారిపోయి ఉంటుంది.

ద్వారక_సెక్టార్10
సాయంత్రం 5 నుంచి 7:30 వరకు బంగ్లా సాహిబ్ గురుద్వారా పెట్టుకోండి. హుమాయూన్ సమాధి నుంచి ఆటోలో జేఎల్ఎన్ స్టేడియం మెట్రో, వైలెట్ లైన్‌లో రెండో స్టేషన్ సెంట్రల్ సెక్రటేరియట్. అక్కడ ఎల్లో లైన్‌కు మారి, సమయ్‌పూర్ బాద్లీ వైపు బండి ఎక్కితే తర్వాతి స్టేషనే పటేల్ చౌక్. 4:30కల్లా సమాధి దగ్గర బయల్దేరాలి. సెంట్రల్ సెక్రటేరియట్ చుట్టూ అన్నీ ప్రభుత్వ ఆఫీసులే, 5:30 దాటితే ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టలేరు. మొదటి పెట్టె ఆడవాళ్లది, అమ్మా, మీ ఆవిడా అందులో ఎక్కితే సుఖం. విడిపోయేముందు దిగే స్టేషన్ పేరు ఇద్దరికీ నోటికి రావాలి.

గురుద్వారాలో తల కప్పుకోవాలి, మీ మఫ్లర్ సరిపోతుంది. చెప్పులు జోడాఘర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోండి. అసలు జాగ్రత్త ఇక్కడ. గుమ్మం దగ్గర పాదాలు కడిగే నీళ్ల కాలువ దాటాలి, దాని తర్వాత తడి పాలరాయి. జనవరి సాయంత్రం ఆ నాలుగడుగులకే పాదాలు మొద్దుబారతాయి. చేతిసంచిలో చిన్న తువ్వాలు, మనిషికో జత పొడి మేజోళ్లు పెట్టుకోండి. వేసుకున్నవి చెప్పుల్లోనే వదిలి, ఉత్త కాళ్లతో నీళ్లు దాటి, తుడుచుకుని లోపలికి వెళ్లండి. తిరిగొచ్చాక మళ్లీ తుడిచి పొడివి తొడుక్కోవాలి. తడి కాళ్లకే మేజోళ్లు ఎక్కిస్తే బండి ఎక్కేదాకా కాళ్లు వెచ్చబడవు.

హాల్లో తివాచీ పరిచి ఉంటుంది, కీర్తన సాగుతూ ఉంటుంది, జనం వల్ల వెచ్చగా ఉంటుంది. ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. బయటికొచ్చేటప్పుడు కడా ప్రసాదం పెడతారు, గోధుమపిండి, నెయ్యి, చక్కెర. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి. నెయ్యి కారుతుంది, ముందే చేతి గుడ్డ దగ్గర పెట్టుకోండి.

సర్కారు_తుమ్మ
ఎండే రాకపోతే? జనవరిలో కొన్ని రోజులు మంచు పైకి లేచి రోజంతా మూసుకునే ఉంటది కదా. అప్పుడు మధ్యాహ్నం 13, 14 డిగ్రీలు దాటదు.

ద్వారక_సెక్టార్10
మంచి ప్రశ్న. 1 గంటకు కూడా నీడలు పడకపోతే హుమాయూన్ సమాధి వదిలేయండి, పెద్దవాళ్లను ఆ పచ్చికలో కూర్చోబెట్టొద్దు. నిజాముద్దీన్ రిటైరింగ్ రూమ్ గంటల లెక్కన దొరుకుతుంది, మీ టికెట్ పీఎన్ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేయాలి. అది దొరికితే అమ్మానాన్నలు రజాయి కప్పుకుని పడుకోవచ్చు. దొరక్కపోతే నేరుగా బాబా ఖడక్ సింగ్ మార్గ్ వెళ్లండి. రాష్ట్రాల హస్తకళల దుకాణాలు వరుసగా ఉంటాయి, మన లేపాక్షి కూడా ఉంది. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి చూసుకుంటూ రెండు గంటలు లోపలే గడిచిపోతాయి. బంగ్లా సాహిబ్ అదే రోడ్డు మీద.

జనవరి మూడో వారం నుంచి రిపబ్లిక్ డే రిహార్సల్స్ వల్ల ఇండియా గేట్ చుట్టుపక్కల రోడ్లు మూస్తారు. రెండో వారమంటే మీకు పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు, అయినా ముందు రోజు ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూసుకోండి. ఆంధ్రా భవన్ అక్కడే ఉంది కాబట్టి చెబుతున్నా.

నెల్లూరు_కుర్రోడు
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. పరీక్ష రాసి మంగళవారం మధ్యాహ్నం 1కి ఖాళీ. రాత్రి 9 దాటాక న్యూఢిల్లీ స్టేషన్లో తమిళనాడు ఎక్స్‌ప్రెస్. ఒక్కణ్నే, వీపు సంచి మాత్రమే. ఏం చూడొచ్చు?

కాకినాడ_కాజా
ఒక్కడివే అయితే పాత ఢిల్లీకి పో తమ్ముడూ. ఎల్లో లైన్‌లో న్యూఢిల్లీ తర్వాతి స్టేషన్ చావ్‌డీ బజార్. అక్కడ దిగి కినారీ బజార్ మీదుగా చాందినీ చౌక్ దాకా నడువు. సంచి ముందుకు తగిలించుకో.

వెతకాల్సింది దౌలత్ కీ చాట్. పేరు చాటే గానీ కారం ఉండదు, పాల నురగ. మీగడ కలిపిన పాలను రాత్రి ఆరుబయట చలిలో ఉంచి, తెల్లవారకముందే చిలుకుతారు. పైకి తేలే నురగను మాత్రమే గరిటెతో తీసి పళ్లెంలో గుట్టగా పేరుస్తారు. కుంకుమపువ్వుతో పైన పసుపు రంగు. అమ్మేటప్పుడు దొప్పలో వేసి కోవా పొడి, మెత్తటి చక్కెర, పిస్తా చల్లుతారు. నోట్లో పెట్టగానే కరిగిపోతుంది, నాలుక మీద మీగడ వాసన, చక్కెర పలుకు మిగులుతాయి. చలి ఉంటేనే ఆ నురగ నిలుస్తుంది, అందుకే చలికాలంలో తప్ప దొరకదు. ఎండ తగిలితే కుంగిపోతుంది. సన్నటి గుడ్డ కప్పిన పళ్లెం, కింద వెదురు స్టాండు, అలా గుర్తుపట్టు. నురగ పొంగి గుట్టగా ఉంటే తీసుకో. పళ్లెం అంచున పాలు కారి మడుగు కట్టి ఉంటే కరగడం మొదలైందన్నమాట, వదిలేయ్. మధ్యాహ్నం 3 దాటితే చాలామంది దగ్గర అయిపోతుంది, కాబట్టి ముందు అక్కడికే.

పల్మో_తెనాలి
పచ్చి పాలతో చేసేవాళ్లూ ఉంటారు బాబూ. రాత్రికి 30 గంటల ప్రయాణం ఉంది కాబట్టి ఒక్క దొప్పతో ఆపేయ్.

ద్వారక_సెక్టార్10
ఎండ బాగుంటే 3:30కి పటేల్ చౌక్ దిగి జంతర్ మంతర్ చూడు. జైపూర్ రాజు జయసింహుడు 1724లో కట్టించిన సూర్య గడియారం, నీడ జరగడం కంటికి కనిపిస్తుంది. మబ్బు రోజున వెళ్లి లాభం లేదు. మంగళవారం కాబట్టి నేషనల్ మ్యూజియం 6 వరకు ఉంటుంది. మొహెంజదారో నాట్యగత్తె కంచు బొమ్మ 10.5 సెంటీమీటర్లే, జనం పెద్ద బొమ్మ కోసం వెతుకుతూ దాటిపోతారు. మన నాగార్జునకొండ శిల్పాలూ అక్కడున్నాయి, తప్పకుండా చూడు.

కన్నాట్ ప్లేస్ వెళ్తే ఒక మాట. అది గుండ్రం, తెల్ల స్తంభాలన్నీ ఒకేలా ఉంటాయి, చీకటి పడితే దిక్కు తెలియదు. రాజీవ్ చౌక్‌లో ఏ గేటు నంబరు నుంచి పైకొచ్చావో, ఎదురుగా ఏ బ్లాకు అక్షరం ఉందో ఫొటో తీసుకో. రాత్రి స్టేషన్‌కు మెట్రోలో వస్తే అజ్మేరీ గేట్ వైపు, 16వ ప్లాట్‌ఫారం పక్కన తేలతావు. ఒకటో నంబరు పహాడ్‌గంజ్ వైపు. ఆ చివర నుంచి ఈ చివరకు వంతెన మీద జనంలో 20 నిమిషాలు వేసుకో. ‘నీ టికెట్ కన్ఫర్మ్ కాలేదు, ఆఫీసుకు రా’ అని ఎవరైనా పక్కన చేరితే ఆగకు. స్థితి నీ ఫోన్లోనే ఉంటుంది.

హన్మకొండ_నుంచి
అందరికీ దండాలు. ఇట్ల అనుకుంటున్నం: 12 ఆనంద్ విహార్, పింక్ లైన్, 1:20 వరకు క్లోక్‌రూమ్. 2 నుంచి 4:30 హుమాయూన్ సమాధి. 5:15 బంగ్లా సాహిబ్. 7:15కి ఆటోలో ఆంధ్రా భవన్. 8:30కి క్యాబ్, 9:15 నిజాముద్దీన్. బండి లేటైతే ఎట్ల?

పట్టాలెక్కిన_పంతులు
బాగా కుదిరింది. వచ్చే బండి గంట లేటైతే సమాధి దగ్గర గంట తగ్గించండి, మిగతావి కదపొద్దు. రెండు గంటలు దాటితే సమాధి మానేయండి.

ఎక్కే బండి గురించి. పొగమంచులో అటు నుంచి రావాల్సిన బండి ఆలస్యమైతే, అవే పెట్టెలు కడిగి తిరిగి పంపాలి కాబట్టి మీదీ ఆలస్యమే. సాయంత్రం 4కి, మళ్లీ 7కి రైల్వే ఎన్‌టీఈఎస్ యాప్‌లో దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ రెండు వైపులవీ చూడండి. సమయం మార్చారని సందేశం వస్తే ఆంధ్రా భవన్ తర్వాత తొందర లేదు. అయినా సామాను మాత్రం ముందే తీసుకోండి, రాత్రి క్లోక్‌రూమ్ దగ్గర వరుస పెరుగుతుంది. 3 గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు వస్తుంది. ఆన్‌లైన్ టికెట్ అయితే బండి నిజంగా కదలకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోసం ఆన్‌లైన్ అర్జీ) వేయాలి. కదిలాక వేస్తే రాదు.

స్లీపర్ అన్నారు కదా. దుప్పట్లు ఇవ్వరు. అర్ధరాత్రి తర్వాత ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ దాటేదాకా చలి కోస్తుంది. కిటికీ షట్టర్ కింద వేలు దూరేంత సందు ఉంటుంది, గాలి అక్కడి నుంచే వస్తుంది. రెండు పాత దినపత్రికలు మడతపెట్టి ఆ సందులో కుక్కండి. కింది బెర్తు మీద ముందు పేపరు పరిచి, ఒక దుప్పటి కింద వేసి, తర్వాతే పైన కప్పుకోవాలి. రెగ్జిన్ సీటు ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఇది తెలియక రెండు దుప్పట్లూ పైనే కప్పుకుని వణుకుతుంటారు. మనిషికి రెండు లెక్కన దుప్పట్లు ఒకే సంచిలో పైన పెట్టండి, బండెక్కాక సూట్‌కేసులు తెరవనక్కర్లేకుండా.

కాకినాడ_కాజా
ఆంధ్రా భవన్‌లో భోజనం కూపన్ ముందు తీసుకోవాలి, బల్ల దగ్గర ఇవ్వరు. మీరు కౌంటర్ దగ్గర నిలబడండి, మీ ఆవిడ అమ్మానాన్నలను లోపల కూర్చోబెడతారు. చిల్లర ఉంచుకోండి.

హన్మకొండ_నుంచి
సరే అన్నా. తాళాలు, టేపు, చిన్న తువ్వాలు, ఐదు జతల మేజోళ్లు రాసుకున్న.